నవ్వుకి కూడా పేరేంటమ్మా?

బస్‌స్టాండులో ఏ బస్సు ఎక్కడుందో మైకులో చెప్పే ఆవిడను అందరూ మైకమ్మ అంటారు. ఆవిడ నవ్వగా చూసిన నరమానవుడు అక్కడ లేడు. వయసులో ఉన్నప్పుడు ఆవిడకు అన్నం పెట్టింది ఆ నవ్వేనంటే ఎవరు నమ్ముతారు!

అప్పట్లో సినిమాలకు గొంతు అరువిచ్చేది. క్లబ్బులు, పేకాట, బెల్‌బాటం కుర్రాళ్ల దొంగతనాలు ఉన్న ఒక సినిమాలో, పోలీసులకు చిక్కిన ప్రియుణ్ణి చూసి క్లబ్బు డాన్సరు పగలబడి నవ్వాలి. ఆ వేషం కట్టిన హీరోయిన్ వల్ల కాలేదు. మైకమ్మ నవ్వింది. టైటిల్స్‌లో పేరు వేస్తానని డైరెక్టరు ఒట్టేశాడు. తీరా చూస్తే టీ అందించినవాడి పేరుంది, ఈవిడ పేరు లేదు.

"నవ్వుకి కూడా పేరేంటమ్మా? రేపు దగ్గినవాడూ పేరెయ్యమంటాడు!" అని అందరి ముందూ ఎగతాళి చేశాడు.

ఆ మాట ఆవిడ గుండెల్లో ముల్లై కూర్చుంది. సినిమా వారానికే ఎత్తేశారని తెలిసినా కసి తీరలేదు. పైగా ఎక్కిన ప్రతి వేదిక మీదా హీరోయిన్ "ఆ నవ్వు నాదే" అని చెప్పుకునేది. ఎంత గుండెలు తీసిన మనిషో చూడండి!

ఇన్నేళ్లకు ఆ సినిమా ప్రింటు ఎక్కడో దొరికింది. మళ్లీ ఆడిద్దామంటే క్లబ్బు సీనులో బొమ్మ ఉంది, శబ్దం పోయింది. ఒకరోజు బస్సెక్కబోతూ మైకులో ఆ గొంతు ఆనవాలు పట్టిన డైరెక్టరు, కర్ర పోటేసుకుంటూ ఆవిడ గదికొచ్చాడు.

"అమ్మా, ఒక్కసారి నవ్వి పెట్టు. నీ కాళ్లు పట్టుకుంటా."

"నన్నడుగుతారేంటండీ? ఆ నవ్వు హీరోయిన్‌గారిదేగా! ముందు ఆవిణ్ణి నవ్వించండి. కాకపోతే అప్పుడు చూద్దాం."

పత్రికలవాళ్ల ముందు కాదనలేక హీరోయిన్ స్టూడియోకొచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చి, మైకు ముందు నోరు తెరిచింది. వచ్చింది నవ్వు కాదు, దగ్గు. మళ్లీ తెరిచింది. మళ్లీ దగ్గే.

బయట డైరెక్టరు పక్కనే బెంచీ మీద కూర్చుని అంతా వింటున్న మైకమ్మ లేచింది. "దగ్గిందిగా డైరెక్టరుగారూ, పేరెయ్యండి!"

అంతే, ఇన్నేళ్లూ బిగబట్టిన నవ్వు తెరలు తెరలుగా తన్నుకొచ్చింది. కుర్ర రికార్డిస్టు తలుపు తోసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఇదేనండీ! అమ్మా, ఆపకండి, మైకు తెస్తా! మీ పేరేంటమ్మా?"

ఆవిడ నవ్వు ఠక్కున ఆగింది.

"మీ డైరెక్టరుగారిని అడుగు నాయనా."

రికార్డిస్టు ఆయన వైపు తిరిగాడు. డైరెక్టరు నోరు తెరిచాడు, మూశాడు, కర్ర వైపు చూస్తూ ఉండిపోయాడు.

"గుర్తొచ్చాక కబురు పెట్టండి, వచ్చి నవ్వుతా," అని మైకమ్మ మెట్లు దిగి వెళ్లిపోయింది.