ఆదివారం గడిలో నాలుగు

ఆ క్లినిక్కులో ముగ్గురు డాక్టర్లు మారారు గానీ కాంపౌండరు మాత్రం మారలేదు. ఇరవై ఆరేళ్ళుగా అదే స్టూలు, అదే కత్తెర, మూలన అదే మందుల ఫ్రిజ్. ఫ్రిజ్ పక్కన దారానికి వేలాడే పెన్ను, దాని కింద రిజిస్టరు. పొద్దున తొమ్మిదిన్నరకి ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి ఫ్రిజ్ తలుపుకి తగిలించిన థర్మామీటరు చూసి, ఎన్ని డిగ్రీలుందో ఆ రోజు గడిలో రాయాలి. రెండుకి తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు. ఆయన రిజిస్టరులో ఏ పేజీ తిప్పినా నాలుగు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ పేజీలు చూసి, ఇలాంటి మనిషి క్లినిక్కుకి ఒకడుంటే మాకీ తిరుగుడు తప్పేది కదా అనేవారు. ఆయన మొహమాటానికైనా కాదనేవాడు కాదు.

అలాంటి మనిషికి భార్య పోయి రెండేళ్ళయింది. చక్కెర జబ్బు. పోయిన రోజున ఆయన కంట చుక్క రాలలేదు. ఆ తర్వాతా రాలలేదు. అది గుండె కాదు, బండ అని చుట్టాలు వరండాలో గుసగుసలాడుకున్నారు. ఆయన విన్నాడు, విని ఊరుకున్నాడు. కుట్లు వేసే ముందు మత్తు సూది ఇస్తారే, ఆ తర్వాత సూది దిగుతున్నట్టు తెలుస్తుంది, దారం లాగుతున్నట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం ఉండదు. రెండేళ్ళుగా ఆయన రోజులన్నీ అలాగే గడుస్తున్నాయి. వేళకి తింటాడు, వేళకి పడుకుంటాడు, ఎవరైనా పలకరిస్తే బదులిస్తాడు.

ఏడుపు ఎందుకు రాలేదో ఆయనకి తెలుసు. ఎవరికీ చెప్పలేదంతే. ఆవిడ మీద కోపం ఇంకా తీరలేదు. ఆవిడ తనకి అబద్ధం చెప్పింది, చెప్పి అలాగే పోయింది.

వాళ్ళ ఇల్లు క్లినిక్కు వెనక సందులోనే. ఇంటి ఫ్రిజ్‌ని రోజుకి ఇరవైసార్లు తెరుస్తారని ఆవిడ ఇన్సులిన్ సీసాలు క్లినిక్కులోనే ఉంచేవాడు. ఆవిడ రెండుపూటలా వచ్చి చెయ్యి చాపేది, ఆయనే పొడిచేవాడు. ఆదివారం సెలవు కనక ఆ రోజు సిరంజిలు శనివారం సాయంత్రమే నింపి ఇంటికి తెచ్చుకునేవాడు. ఇంత పకడ్బందీగా చూసుకున్నా చివరి ఏడాదంతా ఆవిడ చక్కెర మూడువందలకి దిగితే ఒట్టు. మోతాదు పెంచారు, మళ్ళీ పెంచారు. తిండి సంగతి కనుక్కోండి అన్నాడు డాక్టరు. ఈయన కనుక్కున్నాడు.

"నేనేం తినలేదండీ" అంది ఆవిడ.

తినకపోతే ఎలా పెరుగుతుంది? వంటింటి అలమరకి తాళం వేశాడు. ఆ తాళంచెవి క్లినిక్కు గుత్తికే తగిలించాడు. అదీ చాలక, వెనకటి రోజుల్లో మిక్చరు సీసాల మీద మోతాదు తెలియడానికి గాట్లు పెట్టిన కాగితం ముక్క అంటించేవారు చూడండి, అలాంటిది కత్తిరించి చక్కెర జాడీకి అంటించాడు. ఆయనకీ చక్కెర అలవాటు లేదు. జాడీలో చక్కెర రెండో గాటు దగ్గరే ఉండిపోయింది. ఇంకొకడైతే పాపం తినడంలేదు అనుకునేవాడు. ఈయన, అయితే పక్కింట్లో తింటోంది అనుకున్నాడు. పక్కింటికి వెళ్ళొద్దని కట్టడి చేశాడు. ఆవిడ అదీ మానేసింది. ఆఖరికి కిడ్నీలు చెడి మంచం పట్టినప్పుడు, ఈయన సెలైన్ చుక్కలు లెక్కపెడుతుంటే ఆవిడ ఈయన మణికట్టు పట్టుకుని, ఒట్టు, నన్ను నమ్మండి అంది.

"రిపోర్టు కళ్ళెదురుగా ఉంటే ఇంకా ఎందుకు బుకాయిస్తావ్?" అన్నాడు ఆయన. ఆ ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాట అదే.

ఇక అక్క కూతురి సంగతి. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. మేనమామ అంటే బెదురు లేని మనిషి ఆ చుట్టుపక్కల ఆ పిల్లొక్కతే. ఒక శనివారం వచ్చి పేకముక్కంత పచ్చటి పలక ఆయన ముందు పెట్టింది. దాని మీద చీమల్లాంటి భాగాలు, అంచున రెండు వరసల ముళ్ళు. ఇదే కంప్యూటరంది. స్టూలు మీద కూర్చుని కూర్చుని నువ్వూ స్టూలైపోతున్నావు మామయ్యా, చేతులకి పని పెట్టుకో అంది. ఆయనకి ఆసక్తి లేదు. వద్దనడానికి ఓపికా లేదు. సరేనన్నాడు.

మొదటి పాఠం, ఒక బుల్లి దీపం వెలిగి ఆరడం. గంటసేపు తంటాలు పడ్డాక వెలిగింది. గోడ మీద స్విచ్చుంటే క్షణంలో అయ్యే పనికి ఇంత భాగోతమా అన్నాడు. స్విచ్చు వెయ్యడానికి నువ్వుండాలి, దీనికి నువ్వక్కర్లేదు అంది మేనకోడలు. ఆ మాటకి ఇంకెవరైనా నొచ్చుకునేవారు. ఆయన తీగలు విప్పి డబ్బాలో సర్దాడు.

మర్నాటి నుంచి సాయంత్రాలు అదే పని. తీగలు గుచ్చడంలో ఆయనకి తిరుగులేదు, నరం దొరకని చేతుల్లో సూదులు గుచ్చిన వేళ్ళాయె. మేనకోడలు ఇచ్చిన లాప్‌టాప్‌లో టైపు కొట్టడమే ఒంటివేలి యవ్వారం. ఎక్కడో ఒక చుక్క తప్పేది, ఆ మహాతల్లి తెర నిండా తప్పులు చూపించేది. విసుక్కోకుండా మళ్ళీ మొదటినుంచీ కొట్టేవాడు. ఇష్టమని కాదు, అక్కడ కూర్చుంటే ఎనిమిదయ్యేది, తిని పడుకోవచ్చు. మూడోవారం పొడుగాటి తీగ చివర స్టీలు మొన ఉన్న సెన్సారు వచ్చింది. అది తగిలినదాని వేడి చెబుతుంది. చంకలో పెట్టుకుంటే ముప్ఫై ఆరు అంది. జ్వరం లేదన్నమాట, సెలవు దొరకదు అని గొణిగాడు. రెండేళ్ళలో ఆయన వేసిన మొదటి జోకు అది. వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఇంకో వారానికి పావుగంటకోసారి ఆ అంకె వైఫైలో ఫోనుకి చేరడం మొదలుపెట్టింది. వంటింట్లో టీ చల్లారుతుంటే ముందుగదిలో ఫోను మీద గీత కిందికి దిగేది.

ఒకరోజు మేనకోడలు క్లినిక్కుకి వచ్చి, కూర్చోబెడితే కుదురుగా కూర్చోకుండా రిజిస్టరు తిప్పింది.

"ఏడాది పొడుగునా నాలుగేంటి మామయ్యా? ఆదివారం క్లినిక్కే ఉండదు కదా, ఆ గడిలో నాలుగు ఎవరు చూసి రాశారు?"

సోమవారం పొద్దున ఆ గడి కూడా తనే నింపుతానన్నాడు. శనివారం నాలుగు, సోమవారం నాలుగు, మధ్యలో మాత్రం ఎక్కడికి పోతుంది? ఇంతా చేసి తనకో పద్ధతి ఉందనీ, అది ఏ డాక్టరూ నేర్పింది కాదనీ గర్వంగా చెప్పాడు. ఆదివారం కరెంటు పోతే చూసే దిక్కుండదు. అందుకని మూడేళ్ళుగా శనివారం సాయంత్రం తాళం వేసేముందు ఫ్రిజ్ లోపల చల్లదనం పెంచే మర మూడు మీద నుంచి ఏడు మీదకి, అంటే ఆఖరికంటా తిప్పేస్తాడు. చల్లదనం కూడబెట్టుకుంటుంది. సోమవారం ఎనిమిదికి వచ్చి మళ్ళీ మూడుకి తెస్తాడు. తొమ్మిదిన్నరకల్లా తలుపు థర్మామీటరు నాలుగు చూపిస్తుంది. ఆ పిల్ల ఇంకేదో అనబోయింది గానీ ఆయనకి ముక్కుమీద కోపం. నీ యంత్రంతోనే నీ నోరు మూయిస్తాను చూడు అన్నాడు.

ఆ శనివారం పలకని ఫ్రిజ్ మీద పెట్టి, ఇంటి వైఫై అక్కడిదాకా అందుతోందని చూసుకుని, సెన్సారు మొనని లోపలికి పంపాడు. పై అరలో వెనకపక్క, ఐసు అరకి ఆనుకుని ఉన్న చోట పెట్టాడు. ఆయన లెక్కలో ఫ్రిజ్ మొత్తానికి అదే మంచి చోటు. తలుపు తీసినా అక్కడికి వేడి తగలదు. భార్య సీసాలన్నీ అక్కడే ఉండేవి. సొంత మనిషి కదా అని మిగతావాళ్ళవి ముందుకు జరిపి మరీ ఆ చోటు ఇచ్చాడు. ఆవిడ పోయాక ఖాళీగా ఉన్న ఆ చోటు ఈ ఏడాదే దర్జీ ఆవిడకి వెళ్ళింది. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు, ఆవిడ కూడా ఇక్కడికే వచ్చి పొడిపించుకుంటుంది. ఈమధ్య ఆవిడ చక్కెరా మూడువందల యాభై దాటుతోంది. ఆవిడా తినలేదనే అంటోంది. ఈ ఆడవాళ్ళందరికీ ఇదో పాఠం అయిపోయింది అనుకుని, పోయిన నెల ఆవిడ భర్తని పిలిచి అలమరకి తాళం వెయ్యమని చెప్పాడు. మర ఏడుకి తిప్పి, క్లినిక్కు మూసి ఇంటికి వెళ్ళాడు.

ఆదివారం పొద్దున ఫోను చూస్తే సున్నా. పదింటికి మైనస్ రెండు. మధ్యాహ్నానికి మైనస్ నాలుగు. నీ యంత్రానికి మతి పోయిందని మేనకోడలికి ఫోను చేశాడు. ఆ పిల్ల నవ్వకుండా, గ్లాసులో ఐసు దంచి కాసిని నీళ్ళు పోసి మొన అందులో పెట్టమంది. సున్నా చూపిస్తే యంత్రం మంచిదే, లేకపోతే పారెయ్యమంది.

ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆదివారం ఆ తాళం తీయడం అదే మొదలు. లోపల కిటికీలు మూసి ఉన్నాయి, ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమంటోంది. ఐసు దంచాడు, నీళ్ళు పోశాడు, మొన ముంచి స్టూలు మీద కూర్చుని ఫోను చూశాడు. సున్నా. ఇంకోసారి దంచి చూశాడు. సున్నాయే.

అప్పుడు పై అర వెనక నుంచి దర్జీ ఆవిడ సీసా తీసి వంచాడు. మందు కదల్లేదు. తలకిందులు చేశాడు. తెల్లగా రాయిలా గడ్డకట్టి ఉంది. ముందు వరసలో సీసాలు తీసి వంచితే అవి నీళ్ళలా కదిలాయి. ఒక్క ఆ చోటే.

ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనిచెయ్యదు. అది ఆయనకి తెలియని సంగతా? డీప్ ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండమ్మా అని వెయ్యిమందికి చెప్పిన నోరు. సీసాని గుప్పిట్లో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇరవై నిమిషాల్లో మందు కరిగింది. కరిగి తేటగా, కొత్తదానిలా మెరిసింది. సోమవారాలు మర తగ్గించాక, ఆవిడ వచ్చే వేళకి ఇలాగే కరిగి ఉండేది. తాను రోజూలాగే చూసి, సిరంజిలోకి తీసి, భార్య చేతికి పొడిచింది ఇలాంటిదాన్నే. వారం వారం గడ్డకట్టి, వారం వారం కరిగిన వట్టి నీళ్ళు. ఆవిడ తినలేదు. ఒక్కసారి కూడా తినలేదు.

నొప్పి వస్తుందేమోనని చూశాడు. రాలేదు. వేళ్ళు మాత్రం చల్లబడ్డాయి.

మరని మూడుకి తిప్పాడు. డాక్టరుకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆదివారం గడులన్నీ తాను చూడకుండా రాసినవేనని కూడా చెప్పాడు. ఆ వరస సీసాలన్నీ పారెయ్యండి, రేపు కొత్తవి తెప్పిద్దాం, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు డాక్టరు. సరేనని ఫోను పెట్టేసి, తిన్నగా దర్జీ ఆవిడ ఇంటికి నడిచాడు.

ముందుగదిలో ఆవిడ మిషను కుడుతోంది, భర్త పక్కనే బల్ల మీద బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. వాళ్ళ వెనక అలమరకి కొత్త తాళం మెరుస్తోంది. కూర్చోమన్నా ఆయన కూర్చోలేదు.

"తినలేదని చెప్పారు కదమ్మా. మీరు నిజమే చెప్పారు. మందు చెడిపోయింది, చెడగొట్టింది నేనే. ఆ తాళం తీసెయ్యమనండి."

మిషను ఆగింది. ఆవిడ భర్త వైపు చూసింది. అతను ఇస్త్రీపెట్టె నిలబెట్టి, వెళ్ళి తాళం తీశాడు. తిడతారని కాంపౌండరు ఎదురుచూశాడు, తిడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. గుడ్డ మడత పెడుతూ మెల్లిగా అడిగింది.

"ఇంకెవరికైనా ఇలా అయిందా కాంపౌండరుగారూ?"

"ఒకావిడకి."

"మరి ఆవిడకి చెప్పారా?"

ఆయన తల అడ్డంగా ఊపి, మెట్లు దిగి వచ్చేశాడు.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళాడు. క్లినిక్కు తాళంచెవి పక్కనున్న చిన్న తాళంచెవి పట్టుకుని అలమర తెరిచాడు. రెండేళ్ళుగా తెరవని తాళం కాస్త మొరాయించింది. లోపల జాడీ ఉంది. ఆయన కత్తిరించి అంటించిన కాగితం అలాగే ఉంది. చక్కెర రెండో గాటు దగ్గరే ఉంది. పక్కింటివాళ్ళు ఏనాడూ ఆవిడకి ఏమీ పెట్టలేదు, ఆవిడ ఏనాడూ అడగలేదు.

"నువ్వు తినలేదే" అన్నాడు ఆయన పైకి, జాడీ కేసి చూస్తూ. ఇంకోసారి అన్నాడు.

మత్తు దిగితే ఎలా ఉంటుందో ఎంతమందికి చెప్పి ఉంటాడు. ముందు చురుక్కుమంటుంది, తర్వాత ఒక్కసారిగా వస్తుంది, ఓర్చుకోండి అని. నేల మీద కూలబడ్డాడు. గోడ అవతల పక్కింటివాళ్ళు, ఎవరి గడప ఆవిడ తొక్కకూడదని ఆయన కట్టడి చేశాడో వాళ్ళే, పరుగున వచ్చి తలుపు బాదేదాకా తాను అంత గట్టిగా ఏడుస్తున్నట్టు ఆయనకి తెలియలేదు.