వానకు కారే సిరా

కొత్త ప్రింటర్ డబ్బాను ఒళ్లో పెట్టుకుని మహబూబ్‌నగర్‌లో నారాయణపేట బస్సెక్కాను. పక్కనున్న ఆమె అడిగింది.

"నేను గూడ ఒకటి కొనాలె అన్నా. సిరా పిరమా?"

"అగ్గువే అక్కా. ట్యాంకుల పోసుకునుడే."

"వానకు కారుతదా?"

ఇంట్లో ప్రింటరుకు వానేమిటని నవ్వాను. ఆమె సంచిలోంచి ఓ యువకుడి ఫొటో ఉన్న కాగితం తీసి, తడివేలితో అంచు రుద్దింది. వేలికి నీలిరంగు అంటింది.

"బొంబయికి పనికి పోయిన మా తమ్ముడు తప్పిపోయిండు. బస్టాండ్లల్ల అంటిస్తున్న. ఒక్క వానకే మొకం కారిపోతాంది."

ఆమె బస్సు దిగేసరికి తుంపర మొదలైంది. కాగితాలను కొంగు కింద దాచుకుని పరుగెత్తింది.

నా ప్రింటర్ సిరా నిజంగా చవకే. ఇప్పటికీ పేజీ బయటికి రాగానే తడివేలితో అంచు రుద్దుతాను.

కారుతుంది.