అద్దం మీది బొట్టు

కాలవ పక్కగా పోయే బస్సెక్కితే నేను కాలవ వైపు సీట్లో కూర్చోను. గట్టున రెల్లుదుబ్బు కనిపిస్తే చాలు, దాని వెనక ఎవరో వంగి నీళ్ళు ముంచుకుంటున్నట్టే ఉంటుంది. పట్టపగలు కూడా అంతే. ఇది నేను చేసిన ఒక మంచి పని ఫలితం. ఎనభైకి దగ్గరపడ్డ ఒక పెద్దావిడకి, వాళ్ళమ్మ ఉన్న చోటు పోగొట్టాను. అదీ ఆవిడ అడక్కుండా, ఉపకారం చేస్తున్నాననుకుని.

తొంభైల చివర నేను పీహెచ్‌డీ చేస్తుండేదాన్ని. ఆ శతాబ్దం మొదట్లో కృష్ణ ఒడ్డునీ కాలవల్నీ బొమ్మలు వేసిన ఒక చిత్రకారుడి మీద. ఆయన పేరు డెల్టా దాటి ఎవరికీ తెలీదు, డెల్టాలోనూ అంతంతమాత్రమే. మద్రాసులో దొరల దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి మొదటి బొమ్మల్లో కృష్ణ మీద ఇంగ్లండు మబ్బులు, చలికి ముడుచుకున్నట్టుండే తాటిచెట్లు. అయితేనేం, మనుషులు మాత్రం నిండుగా ఉండేవాళ్ళు. పడవ లాగేవాళ్ళు, నాట్లేసేవాళ్ళు, గేదె మీద పిల్లలు. తర్వాత బెంగాలు పద్ధతి బందరు దాకా వచ్చింది. కాగితాన్ని నీళ్ళలో ముంచి, రంగు వేసి, మళ్ళీ ముంచి, పొర మీద పొర. ఆయన చెయ్యి మెత్తబడింది. మనకి మంచు కురిసేది ధనుర్మాసంలో నాలుగు పొద్దులు. ఆయన కాగితం మీద రోహిణి కార్తెలో కూడా మంచే.

ఆ మంచులోంచి మనుషులు పోయారు. నీళ్ళు, గట్టు, రెల్లు మిగిలాయి. ఒక బొమ్మ దాకా ఉన్నారు, తర్వాతి బొమ్మలో ఒక్కరూ లేరు. అంత హఠాత్తుగా ఎవరి ప్రభావమైనా పనిచేస్తుందా అని అనుమానం రాకపోలేదు. మధ్య బొమ్మలు దొరకలేదులే అని సర్ది చెప్పుకున్నాను. బెంగాలు ప్రభావం, వాళ్ళ మీద జపాను ప్రభావం, ఖాళీ చోటు తత్వం అంటూ నలభై పేజీల అధ్యాయం రాసిపారేశాను. మా గైడుగారు బ్రహ్మాండం అన్నారు. ఆయన ఆ బొమ్మలు ఒక్కటీ చూడలేదు లెండి.

చిత్రకారుడి కూతురు వన్ టౌన్‌లో, మిర్చి గోడౌన్ల వెనక మేడ మీద రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. నాలుగు తుమ్ములు తుమ్మితే గానీ ఆవిడ గుమ్మం చేరలేం. దేవుడి మూల వెంకటేశ్వరస్వామికీ దుర్గమ్మకీ మధ్య వాళ్ళ నాన్నగారి నీటిరంగుల బొమ్మ ఒకటి ఉంది. కాలవ రేవు, రెల్లుదుబ్బులు. దాని అద్దం మీద కుంకుమ బొట్టు. నాకు నవ్వొచ్చింది. మన ఇళ్ళల్లో గ్యాసుపొయ్యికి బొట్టు, బీరువాకి బొట్టు, స్కూటరుకి బొట్టు. దేవుళ్ళకి పెడుతూ పెడుతూ చెయ్యి దీని మీదికీ పోయుంటుందనుకున్నాను.

ఫోటో తీసుకుంటానని బొమ్మ అడిగితే ఆవిడ కాస్త తటపటాయించి ఇచ్చింది.

"శుక్రవారం లోపల తెచ్చెయ్యి అమ్మాయ్. మర్చిపోకేం."

ఫ్లాష్ పడితే అద్దం మెరుస్తోందని సందు చివర పటాల షాపులో విప్పించి ఫోటోలు తీశాను. షాపతను ఫ్రేమ్ చూసి, "చెద పట్టిందండీ. అద్దం కూడా జిడ్డోడిపోయింది, ఏం పనికొస్తదండీ" అన్నాడు. కొత్తవి వెయ్యమన్నాను. చుట్టూ వెడల్పుగా తెల్ల అట్ట పెట్టించి, ఎగ్జిబిషన్‌లో పెట్టేలా చేయించాను. పాత అద్దం నా కళ్ళముందే పగలగొట్టి గోనెసంచిలో వేశాడు. గురువారం మధ్యాహ్నం దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వెళ్తూ, మామ్మగారు ఎంత మురిసిపోతుందో అనుకున్నాను.

ఆవిడ పటం అందుకుని అరచేత్తో అద్దమంతా తడిమింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"బొట్టేదీ?"

"పాత అద్దం తీయించేశానండీ మామ్మగారూ. కొత్తది..."

ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. తిట్టినా బాగుండేది. పటం ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

"నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ నీళ్ళకని రేవుకెళ్ళి మళ్ళీ రాలేదు. మనిషీ దొరకలేదు, బిందే దొరకలేదు. నాన్నగారు ఊళ్ళో అందరి బొమ్మలూ వేశారు గానీ ఆవిడది వెయ్యలేదు. ఇంట్లో మనిషేగా, తీరిగ్గా వేద్దాం అనుకున్నారట. అమ్మేదీ అమ్మేదీ అని నేను ప్రాణం తీస్తుంటే ఇది వేసి, నా వేలు పట్టుకుని ఓ దుబ్బు మీద పెట్టి, అమ్మ దీని వెనకే ఉంది, బిందె నిండగానే వస్తుంది అన్నారు. పెద్దయ్యాక తెలీదుటే అబద్ధమని? అయినా ముత్తయిదువుగా పోయిందిగా. ప్రతి శుక్రవారం అక్కడే బొట్టు పెడుతున్నా."

బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు దుబ్బులున్నాయి. బొట్టు దేని మీద ఉండేదో నాకు గుర్తు లేదు. ఏ దుబ్బు వెనకైనా ఒక ఆడమనిషి వంగి నిలబడొచ్చు. నా ఫోటోలన్నీ అద్దం తీశాక తీసినవే. ఆ క్షణాన ఆయన మిగతా బొమ్మలు కూడా కళ్ళముందుకొచ్చాయి. ఒకదాంట్లో గట్టు, ఒకదాంట్లో పడవ గూడు, ఒకదాంట్లో గడ్డివామి. అన్నీ మనిషి చాటుకి సరిపడా ఎత్తు. నేను ఖాళీ అని నలభై పేజీలు రాసినచోట వాళ్ళమ్మ ఉంది.

"నాకు కళ్ళు మసకలమ్మా. పాత ఫ్రేమ్ అంచు నుంచి జానెడు కొలుచుకుని పెట్టేదాన్ని. నువ్వు చూశావుగా, ఏ దుబ్బో చూపించు."

ఆ అంచు కూడా నేనే లేకుండా చేశాను. తెలీదండీ అని చెప్పాల్సింది. ఆవిడ వేలు పట్టుకుని, ధైర్యంగా, మధ్య దుబ్బు మీద పెట్టాను.

ఆవిడ భరిణె తెచ్చుకుని, ఉంగరపు వేలితో కుంకుమ అద్ది, అక్కడ బొట్టు పెట్టింది. వేలు తియ్యలేదు. అలాగే కాసేపుంచింది.

"ఇక్కడ కాదే" అంది.

నేను భరిణెకి మూత పెట్టాను.

"పోన్లే. ఇన్నేళ్ళూ ఒక్కచోటే వంగి ఉంటే నడుం పట్టెయ్యదూ? కాస్త పక్కకి జరిగుంటుంది" అని, వేలు కొంగుకి తుడుచుకుని, పటం మేకుకి తగిలించమంది.