అత్త కదల్లేదు

నవ్వనంటేనే చెప్త. ఈ నెల్లనే, మా అత్తను నా చేతులతోని నేనే చంపిన అనుకున్న! అంత ఒక్క ఫొటో కోసం.

మా మామ ఫొటో ఒకటి నడింట్ల గోడకుంటది. జాతరల దిగిండు. దిగిన నెలకే పోయిండు. ఫొటోనే పానం తీసిందని అప్పటి సంది మా ఆయనది ఒకటే పట్టు: "మా అవ్వకు ఫొటో వద్దు. తీసినోని చెయ్యి ఇరగ్గొడ్త." ఆయన కోపం మా ఘనపూర్‌ల అందరికీ ఎరుకే.

అత్తకేమో ఫొటో కావాలె. పొద్దున లేస్తే గోడ ముందల నిలబడుతది. "ముసలోడు ఒక్కడే ఉన్నడు పిల్లా. పక్కన నేనుండొద్దా?" అంటది. ఎన్నిసార్లని కాదంట?

మా తమ్ముడు వెంకటికి జనగామల ఫొటో స్టూడియో ఉన్నది. మా ఆయన టేకుమట్లకు పోతున్న అన్ననాడు వాణ్ని పిలిపిచ్చిన.

"బావ పొద్దుమీకి వస్తడు. జల్ది కానియ్యిరా."

వాడు జల్ది చేసే మనిషా! రెండు స్టాండ్లు నిలబెట్టిండు. వాటికి సొరకాయలంత బల్బులు. మామ ధోతి తీసి అత్త ఎనక పరదా కట్టిండు. వెలుగు మెత్తగ పడాలెనని ఒక బల్బు ముందల నా తెల్ల లంగా ఆరేసిండు!

"అరేయ్, అది లంగారా!"

"లంగా ఫొటోల రాదక్కా. నువ్వు పరేషాన్ కాకు."

బయటి ఎండ రావొద్దని కిటికీకి గొంగడి కప్పిండు. తలుపు గడియ పెట్టిండు. ఇంత చేసి లైట్లు ఏస్తే, ఏముంది? మిణుగురు పురుగులు. బావులకాడ మోటర్లు నడిచే టైమది. ఊరి కరెంటంత అటే గుంజుకపోయింది.

వెంకటి తల గోక్కున్నడు. "వోల్టేజి లేదు. కెమెరా కన్ను శానసేపు తెరిచిపెట్టాలె. అత్తమ్మా, నేను చాలు అనేదాక కదలొద్దు. రెప్ప కొట్టొద్దు. ఊపిరి గూడ మెల్లగ."

అత్త తల గూడ ఊపలేదు. అప్పుడే బిగుసుకున్నది.

వాడు కెమెరా కన్ను తెరిచిండు. సరిగ్గ అదే గడియకు మోటర్లకు కరెంటు బందైనట్టున్నది. ఊరి కరెంటంత మా ఇంట్లకే వచ్చింది! బల్బులు భగ్గుమన్నయి. ఢాం! గాజు పెంకులు. చీకటి. నా లంగా మాడిన వాసన. వెంకటి ఆ లంగా మీద ఎగిరెగిరి తొక్కుతున్నడు.

"అత్తా!" అన్న. పలుకు లేదు.

తడుముకుంట పోయి చెయ్యి పట్టుకున్న. సల్లగ మంచు తీరున్నది. (నేను పట్టుకున్నది వెండి కడియమని తర్వాత తెలిసింది.) ముక్కు కాడ వేలు పెట్టిన. ఊపిరి తగుల్తలేదు. తలుపు సందుల కెల్లి ఇంత వెలుగు ఆమె మొఖం మీద పడ్డది. రెండు కండ్లు తెరిచే ఉన్నయి. రెప్ప కొడ్తలేదు!

కూలబడ్డ. మామకు నెలన్న పట్టింది, ఈమెకు నిమిషం పట్టలేదు. శోకం అదే తన్నుకొచ్చింది. "ఓ అత్తా... నీ అసొంటి అత్త ఏడ దొరుకుతదే... నన్ను ఒక్కనాడు ఒక్క మాట అనకపోతివే..."

అంతల తలుపు దబదబ. "ఏమైందే? తలుపు తియ్!" మా ఆయన! బస్సు దొరక్క మర్లొచ్చిండట. వెంకటి పరదా ఎనకకు దుంకిండు. నేను పాక్కుంట పోయి గడియ తీసి, మళ్ళొచ్చి అత్త మీద పడ్డ.

ఆయన చూసిండు. స్టాండ్లు చూసిండు, పెంకులు చూసిండు, తల్లి మొఖం చూసిండు. "అవ్వా..." అన్నడు. ఇగ నన్ను నరుకుతడు అనుకున్న. కండ్లు మూసుకున్న.

అప్పుడు నా తల మీదికెల్లి, పెదవి కదలకుంట, సన్నటి మాట.

"వెంకటీ... చాలా?"

పరదా ఎనక నుంచి: "చాలు అత్తమ్మా! చాలు!"

అత్త ఒక్క పెద్ద ఊపిరి ఇడిచింది. మెడ ఇరుసుకున్నది. నా దిక్కు తిరిగింది. "ఒక్క మాట అనలేదానే? పొద్దున పప్పు మాడగొట్టినవని అంత తిడితి, ఏడ పోయినయి ఆ మాటలు?"

మా ఆయన గాజు పెంకుల నడుమనే కూసున్నడు. తిట్టలేదు, కొట్టలేదు. మంచినీళ్ళు అడిగిండు.

కెమెరా కన్ను మూసుడు ఎవరికి యాదికున్నది? అంతసేపు తెరిచే ఉన్నదట. మొన్న వెంకటి ఫొటో కడిగి తెచ్చిండు. కదలనోళ్ళే అండ్ల నిలుస్తరట. అత్త రాణి లెక్క కూసున్నది, ఒక్క ముడత అటూ ఇటూ కాలేదు. పక్కన తెల్లటి పొగ. పొగల ఇరబోసుకున్న జుట్టు, తెరిచిన నోరు. నేనే.

అత్త వచ్చినోళ్ళందరికి చూపెడుతది. "నా పానం పోయిందని ఏడ్చింది. చూడుండ్రి, ఎవరి పానం పోయిందో!"

మా ఆయన మామ పక్కన మేకు కొట్టి తగిలిచ్చిండు. జరంత దూరం జరిగి చూసి, ఒక్క మాటన్నడు. "అవ్వకు భయం లేదు. గట్టి మనిషి. కానీ ఫొటోల నువ్వు గూడ దిగినవ్. నెల దాటేదాక జర పైలం."

ఆయన నవ్వుకుంట బయటికి పోయిండు. మీరూ నవ్వుతున్నరు. నవ్వుండ్రి. ఛాయ్ చల్లారుతున్నది, తాగుండ్రి. నేను మాత్రం దినాలు లెక్కపెడుతున్న. నెల ఇంకా నిండలేదు గదా!