పదిహేడు ప్రశ్నల రాధారాణి

రాధారాణి గారికి మనుషులతో మాట్లాడటం రాదు. సర్వే చేయడమే వచ్చు.

ఎవరైనా ఎదురైతే మనం "బాగున్నారా?" అంటాం. ఆవిడ "మీ ఇంటి పైకప్పు దేనితో వేశారు?" అంటారు. రెండో ప్రశ్న గోడల గురించి, మూడోది పందుల గురించి. అలా మొత్తం పదిహేడు. మధ్యలో తుమ్మొచ్చి ఆగినా, ఫోనొచ్చి ఆగినా, వదిలిన చోటునుంచే మళ్లీ అందుకుంటారు తప్ప పూర్తిచేయకుండా ఎవర్నీ పోనివ్వరు.

ఇది ఊరికే పట్టుకున్న జబ్బు కాదు. పసిఫిక్ మహాసముద్రంలో, పటం మీద వేలు పెడితే దేశం మొత్తం గోటికింద దాక్కునే ఒక చిన్న దీవుల దేశంలో ఆవిడ ఇరవై రెండేళ్లు సంక్షేమ శాఖలో పనిచేశారు. ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం ఏ బీద కుటుంబానికి అందాలో తేల్చడం ఆవిడ ఉద్యోగం. పడవెక్కి దీవి దీవికీ తిరిగి, పదిహేడు ప్రశ్నలూ అడిగి, మార్కులు వేసేవారు. నూటికి ముప్ఫై అయిదు దాటితే కలిగినవాళ్ల కింద లెక్క. అంతకు తగ్గితే సాయం. ఆవిడ రిటైరై, భర్త కూడా పోయాక, రెండేళ్ల క్రితం చెల్లెలి కూతురు కృతి పట్టుబట్టి అమెరికాలో, సన్నీవేల్‌లో తన దగ్గరికి తెచ్చుకుంది. ఉద్యోగం అయితే అక్కడే ఉండిపోయింది గానీ, ప్రశ్నలు మాత్రం ఆవిడతోపాటు విమానం ఎక్కేశాయి.

దిగీ దిగగానే ఇమిగ్రేషన్ ఆఫీసరు "ఎవరింట్లో ఉంటారు?" అని అడిగాడు. ఎవరు ప్రశ్న వేసినా ఆవిడకు పూనకం వస్తుంది.

"అది సరే నాయనా, మీ ఇంట్లో ఎంతమంది?"

"ఆరుగురం" అన్నాడు ఆఫీసరు పొరపాటున.

"సంపాదించేది?"

"నేనొక్కణ్ణే."

"పైకప్పు?"

"మా అత్తగారిదండీ" అంటూ అతను నిట్టూర్చి, ఆ అత్తగారి కథంతా చెప్పడం మొదలుపెట్టాడు. వెనక క్యూలో నలభైమంది గడియారాలు చూసుకుంటున్నారు. బయట పూలగుత్తితో నిలబడ్డ కృతికి అప్పుడే అర్థం కావాల్సింది.

సరిగ్గా అర్థమైంది మాత్రం జగదీష్ గృహప్రవేశం రోజున. జగదీష్ కృతి కంపెనీలో డైరెక్టరు. శాంటా క్లారాలో పెద్ద ఇల్లు కొన్నాడు. వచ్చిన వాళ్లంతా కిచెన్ కౌంటర్ నిమిరి "సూపర్ అండీ" అంటుంటే, రాధారాణి గారు తలెత్తి సీలింగ్ వంక చూశారు.

"పైకప్పు?"

"టైల్ అండీ ఆంటీ" అన్నాడు జగదీష్ గర్వంగా.

"కారుతుందా?"

జగదీష్ గొంతు తగ్గింది. "మాస్టర్ బెడ్‌రూమ్‌లో కొంచెం. బిల్డర్‌కి మెయిల్ పెట్టాం."

"పందులు?"

"లేవాంటీ."

"కోళ్లు? పడవ? కొబ్బరిచెట్లు?"

"ఒక్కటీ లేదాంటీ. హెచ్‌ఓఏ అని మా కాలనీ సంఘం ఉంది, వాళ్లు ఒప్పుకోరు."

"అయ్యో. మరి తాగే నీళ్లు?"

"కాస్ట్‌కో నుంచి బాటిల్స్ తెచ్చుకుంటాం. నాలుగు మైళ్లు."

"నాలుగు మైళ్లా! ఎవరు మోస్తారు?"

"నేనే మోస్తానాంటీ" అన్నాడు జగదీష్. ఆ ప్రశ్న అతణ్ణి ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు కాబోలు, భుజం తడుముకున్నాడు.

పదిహేడో ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇంట్లో ఆఖర్న తినేదెవరు? నిన్న వాళ్లకేం మిగిలింది?"

"ఆఖర్న తినేది మా కుక్క ఆంటీ. నిన్న సాల్మన్ మిగిలింది."

రాధారాణి గారు వేళ్లమీద కూడి, అందరి ముందూ తీర్పు చెప్పారు. "ముప్ఫై ఒకటి. నీకు నెలనెలా సాయం అందాలి నాయనా." ఇల్లంతా గొల్లున నవ్వింది. కృతికి మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది. వారం తిరక్కుండా ఆఫీసులో జగదీష్‌కి 'ముప్ఫై ఒకటి' అని పేరు స్థిరపడింది.

అందుకే కూతురు దియ తొమ్మిదో పుట్టినరోజుకి పార్కులో పార్టీ పెట్టినప్పుడు కృతి ముందే ప్రమాణం చేయించుకుంది.

"పెద్దమ్మా, పైకప్పు అనకూడదు. గోడలు అనకూడదు. పందులు అస్సలు అనకూడదు. ప్రామిస్?"

"ప్రామిస్" అన్నారు రాధారాణి గారు. మాట తప్పలేదు కూడా. నాలుగో ప్రశ్ననుంచి మొదలుపెట్టారు.

బెలూన్లు ఊదుతున్నచోట అనుష్క ఒళ్లో పాపతో కూర్చుని ఉంది. వాళ్ల అపార్ట్‌మెంట్లలోనే, కృతి ఇంటికి కింది ఫ్లోర్‌లో ఉంటుంది. భర్త సాత్విక్ ఏదో కంపెనీలో ఇంజనీరు. పాప సాన్వికి ఏడాదిన్నర.

"పడవలెన్నమ్మా?"

"పాపని తోసే స్ట్రోలర్ ఒకటే ఆంటీ" అంది అనుష్క. అందరూ నవ్వారు. ప్రశ్నలు సాగాయి. పదిహేడోది వచ్చింది.

"ఆఖర్న తినేదెవరు?"

"నేనే. వాళ్లిద్దరూ తిన్నాక."

"నిన్న ఏం మిగిలింది?"

"నిన్నా? మజ్జిగ తాగానాంటీ. పెద్దగా ఆకలనిపించలేదు."

"మొన్న?"

"మొన్న కూడా మజ్జిగే..." అంటూ అనుష్క పాప టోపీ సర్దింది.

"అబ్బ, ఆ డైటేదో నాకూ చెప్పు తల్లీ!" అంది కృతి, ప్లేటులో రెండో కేకుముక్క పెట్టుకుంటూ. రాధారాణి గారు పక్కకు జరిగి, మేజిక్ షో చేసే ఆయన్ని పట్టుకున్నారు. "మీకు కుందేళ్లెన్ని? ఒకటేనా? అది కూడా అద్దెదా?"

ఆయన తర్వాత కృతి మేనేజరు వంతు వచ్చింది. ప్రశ్నలు తాగేనీళ్ల దూరం దాకా వచ్చేసరికి కృతి సహనం కాస్తా నశించింది. ఇంటికెళ్లగానే గిన్నెలు సింకులో పడేసి అంది.

"పెద్దమ్మా, వాళ్లంతా నాతో పనిచేసేవాళ్లు. నా పరువు పోతోంది. నువ్విప్పుడు ఆ దీవిలో లేవు. ఇక్కడ బీదవాళ్లు లేరు!"

"లేరా?" అన్నారు రాధారాణి గారు. అంతే. చేతులు తుడుచుకుని గదిలోకి వెళ్లిపోయారు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. పోస్ట్ తెచ్చే ఆయన్ని, పక్కింటి వాళ్లని "బాగున్నారా?" అని మాత్రమే పలకరించారు. పోస్ట్ ఆయన ఆరో ప్రశ్న దగ్గర ఆగి ఉన్నాడు. మిగతావి వస్తాయని గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, చిన్నబుచ్చుకుని వెళ్లాడు. దియ బెంగపడింది.

"అమ్మా, అమ్మమ్మ బ్రోక్ అయిపోయింది. ఫిక్స్ చెయ్యి."

అయిదో రోజు రాధారాణి గారే నోరు విప్పారు. "మంగళవారం పొద్దున మీటింగులు లేకపోతే నన్నొకచోట దింపుతావా?"

డాక్టరు దగ్గరికేమోనని కృతి ఆ పూట మీటింగులన్నీ రద్దు చేసుకుంది. మంగళవారం కారు తీసేసరికి గేటు దగ్గర సాన్వినీ, పాపని కూర్చోబెట్టే కార్ సీటునూ పట్టుకుని అనుష్క నిలబడి ఉంది. కృతిని చూడగానే ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"కంగారు పడకు. ఇది డ్రైవరు" అన్నారు రాధారాణి గారు, ముందు సీట్లో కూర్చుంటూ. "డ్రైవర్లకి చెవులుండవు."

కారు ఆగింది ఒక ప్రభుత్వ ఆఫీసు ముందు. ఇబ్బందిలో ఉన్న తల్లులకూ పసిపిల్లలకూ పాలు, గుడ్లు, పళ్లు అందేలా చూసే ఆఫీసు అది. కృతి ఆ రోడ్డు మీద ఆరేళ్లుగా రోజూ వెళ్తోంది. ఆ బోర్డు ఎన్నడూ చదవలేదు.

లోపల టోకెన్ తీసుకుని కూర్చున్నాక అనుష్క తనంతట తానే చెప్పింది. సాత్విక్ ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. గ్రీన్ కార్డు ఉండబట్టి దేశం విడిచి వెళ్లాల్సిన పనిలేదు గానీ, ఇల్లు గడవడం లేదు. ఎవరికీ తెలియకూడదని అతను రోజూ ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, ఆఫీసుకని బయల్దేరి లైబ్రరీలో కూర్చుని వస్తున్నాడు.

"నాకెందుకు చెప్పలేదే?" అంది కృతి.

"నువ్వు ఎలా ఉన్నావని అడిగావక్కా. బాగున్నానన్నాను. ఆ ప్రశ్నకి ఇంకో ఆన్సర్ ఉండదు కదా." అనుష్క పాప బూటు సరిచేసింది. "ఆంటీ మాత్రం మొన్న ఏం తిన్నావని అడిగారు. దానికి అబద్ధం రెడీగా లేదు. నెక్స్ట్ డే మళ్లీ మా ఇంటికొచ్చి, గట్టిగా చెప్పారు. ఇది దానం కాదు, పాపకి రావాల్సింది అని."

ఇంతలో టోకెన్ నంబరు పిలిచారు. పాప బరువు చూడటానికి అనుష్క లోపలికి వెళ్లింది. కృతి పెద్దమ్మ పక్క కుర్చీలోకి జరిగింది.

"మరి జగదీష్‌ని ఎందుకడిగావు పెద్దమ్మా? ఆయనకి పందులుండవని నీకు తెలీదా?"

"తెలీకేమే. ఉద్యోగంలో మొదటి ఏడాది నేను బీదవాళ్ల గుడిసెలకే వెళ్లేదాన్ని. నేను గుమ్మం ఎక్కితే చాలు, ఆ ఇంటి పరువు గంగలో కలిసేది. నా పడవ కనబడగానే తలుపులేసుకునేవాళ్లు. ఒకావిడైతే పక్కింటి పందుల్ని అరువు తెచ్చి పెరట్లో కట్టుకుంది, కలిగినదాన్నని చూపించుకోడానికి. మూడు పందులకి మార్కులు వేసి వచ్చేశాను. ఆ ఏడాది ఆవిడకి సాయం అందలేదు."

ఆవిడ అనుష్క వెళ్లిన తలుపువైపు చూశారు.

"మరుసటి ఏడాదినుంచి ఊరిపెద్ద ఇంటితో మొదలుపెట్టాను. అందర్నీ అడిగితే, ఎవరికోసం అడుగుతున్నానో ఎవరికీ తెలీదు కదా. పిచ్చిదనుకుంటారు. అనుకోనీ, నాకేం పోయింది?"

కృతి పెద్దమ్మ చేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

కాసేపటికి అనుష్క ఆ పాలు, గుడ్లు కొనుక్కునే కార్డు పట్టుకుని వచ్చింది. ముగ్గురూ తిరుగుదారిలో సూపర్‌మార్కెట్‌కి వెళ్లారు. అనుష్క పాలు, గుడ్లు, అరటిపళ్లు తీసుకుని క్యూలో నిలబడింది. కృతీ, రాధారాణి గారూ పక్క కౌంటరు దగ్గరున్నారు. అప్పుడే అనుష్క వెనకాల బండి తోసుకుంటూ వచ్చాడు, సాత్విక్‌ని బాగా ఎరిగిన జగదీష్. కార్డు తీయబోయిన అనుష్క చేయి బ్యాగులోనే ఉండిపోయింది.

"ఏమిటండీ ఈ కొత్తిమీర!"

స్టోరంతా ఉలిక్కిపడింది. రాధారాణి గారు కొత్తిమీర కట్టను జెండాలా పైకెత్తారు. "ఇది కొత్తిమీరా, గడ్డా? మా దీవిలో మేకలు కూడా ముట్టవు! మేనేజర్ని పిలవండి!"

తలలన్నీ ఇటు తిరిగాయి. జగదీష్ బండి అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "ఆంటీ, ఆంటీ, నేను మాట్లాడతాను." ఆ సందట్లో అటువైపు కార్డు గీసిన చప్పుడు ఒకటి వినపడీ వినపడనట్టు వినిపించింది. అనుష్క సంచి అందుకుని గుమ్మంవైపు నడిచింది.

"సరేలెండి, బాగానే ఉంది, ఇవ్వండి" అన్నారు రాధారాణి గారు, క్షణంలో చల్లబడి. జగదీష్ తన బండికోసం వెనక్కి తిరగబోయాడు. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర అనుష్క సంచి చిరిగి అరటిపళ్లు దొర్లాయి.

నలుగురిలో గొంతు పెంచడమంటే చచ్చేంత సిగ్గుపడే కృతి, కళ్లు మూసుకుని, జగదీష్ మోచేయి గట్టిగా పట్టుకుంది.

"బాగానే ఉందంటావేంటి పెద్దమ్మా! అసలు ఈ బెండకాయలు చూశావా? జగదీష్ గారూ, మీరే చెప్పండి, ఇవి బెండకాయలా, కర్రలా?"

జగదీష్ బుద్ధిగా ఒక్కొక్క బెండకాయా విరిచి చూశాడు. ఆఖరి అరటిపండు సంచిలోకి చేరి, అనుష్క తలుపు దాటేదాకా కృతి వదల్లేదు. అతను విరిచినవన్నీ కృతే కొనాల్సి వచ్చింది. ఆ వారం కృతి ఇంట్లో మూడు పూటలు ముదురు బెండకాయల పులుసు.