జరుగు, సుసన్నా

ఆగిరిపల్లి బస్టాండు ఎదురుగా నా ఫ్లెక్సీల షాపు, దాని పక్కనే సువర్ణరాజు ఫొటో స్టూడియో. మధ్యలో ఒక్క గోడే. ఆయన భార్య సుసన్నా వదినకు జ్వరమని విజయవాడ తీసుకెళ్లాం, శవాన్ని తీసుకొచ్చాం. సమాధి అయ్యాక ఆయన మా షాపు మెట్ల మీద కూర్చుని, "కృష్ణకాంత్, ఆదివారం మీ వదిన ఆదరణ కూడిక. ఫ్లెక్సీ వెయ్యాలి," అన్నాడు.

"ఫొటో ఇవ్వన్నా," అన్నాను.

ఊళ్లో అందరి ముఖాలూ తీసిన మనిషి దగ్గర పెళ్లాం ముఖం లేదు.

సువర్ణరాజు తండ్రి మామిడి కోతలకు వెళ్లేవాడు. గడకర్ర చివర వలసంచి, చిక్కం అంటాం, దాంతో కాయ నేల పడకుండా కోసేవాడు. ఖాళీ చిక్కాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుని ఆకాశం చూడటం ఈయనకు చిన్ననాటి ఆట. పెద్దయ్యాక కూడా ఆ ఆట వదల్లేదు. పెళ్లిళ్లకూ బాప్తిస్మాలకూ కెమెరా పట్టింది పొట్ట కోసం. తీరిక చిక్కితే చాలు, అల్లికల వెంట పడేవాడు. పూత వేళ మామిడి కొమ్మల మధ్య మంచుకు తడిసిన సాలెగూళ్లు, ఎండుటాకుల ఈనెలు, పాత చర్చి పైకప్పులో ఒకదాన్నొకటి పట్టుకున్న దూలాలు. అన్నిటికన్నా రైలు పట్టాలంటే ప్రాణం. పేరు నూజివీడు స్టేషనే గానీ అది ఉన్నది బాపులపాడు వైపు. అక్కడికి బండి మీద పోయి, పట్టాలు విడిపోయి మళ్లీ కలిసే చోటును వంతెన మీద నుంచి తీసేవాడు. "సెంటు భూమికి పట్టా లేదు గానీ, పట్టాలన్నీ నీవేనన్నా," అని ఏడిపించేవాణ్ణి. ఆయనకంటే వదినే ఎక్కువ నవ్వేది.

పిల్లల్లేరు. ఆ బండి వెనక ఎప్పుడూ ఆవిడే. సాలెగూడు మీద కెమెరాకు ఫోకస్ నిలవదు, సన్నటి దారాన్ని వదిలేసి వెనకున్న చెట్టును పట్టుకుంటుంది. అందుకని ఆయన ఒక పద్ధతి కనిపెట్టాడు. గూడు పక్కనే వదినను నిలబెట్టి ఆమె ముఖం మీద ఫోకస్ పట్టేవాడు. వెలుతురు చూసుకోవడానికి ఒకటి నొక్కేవాడు. తర్వాత, "జరుగు, సుసన్నా," అనేవాడు. ఆవిడ పమిట దగ్గరికి లాక్కుని, తల వంచుకుని, రెండడుగులు ఎడమకు జరిగేది. "ఇంకా జరగాలాండీ?" అని అడిగేది. "చాలు," అని అప్పుడు అసలు ఫొటో తీసేవాడు. కార్డు నిండిపోతుందని ఆ మొదటిదాన్ని అక్కడికక్కడే తుడిచేసేవాడు. స్టేషన్‌లో అయితే ఆవిడ కింద ప్లాట్‌ఫారం చివర నిలబడేది, ఆయన పైనుంచి చెయ్యి ఊపేవాడు. ఎండలో, మంచులో ఇదే పని. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆవిడ తరఫున నాకే ఒళ్లు మండేది.

ఫొటో కోసం మేం వెతకని చోటు లేదు. పెళ్లి ఫొటోలో తెల్ల ముసుగు కింద తల వంచుకున్న పిల్ల ఉంది గానీ, మేం ఎరిగిన వదిన లేదు. సంఘం స్త్రీలందరి ఫొటో దొరికింది. అది తీసిందీ ఈయనే కాబట్టి ఆవిడ లైటు పట్టుకుని పక్కన ఉండిపోయింది. ఆవిడది బటన్ల ఫోను. వదిన చెల్లెలు షాలోమి ఫోనంతా గాలిస్తే వంటపాత్ర మీదకు వంగిన వీపొకటి దొరికింది.

తుడిచేసినవి ఒక్కోసారి వెనక్కి వస్తాయని తెలిసి, పాత కార్డులన్నీ నా కంప్యూటర్‌కు పెట్టాను. కొమ్మలొచ్చాయి, గూళ్లొచ్చాయి, పట్టాలొచ్చాయి. చివరికి ఒకదాంట్లో పాపిడి కనబడింది, నుదురు కనబడింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. కనుబొమ్మల కింద నుంచి అంతా బూడిద రంగు. ఎన్నిసార్లు తెరిచినా అంతే.

"ఈ చేత్తోనే తుడిచాను కృష్ణా," అన్నాడు. బొటనవేలిని చొక్కాకు రాస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున మరో ఫొటో తెచ్చాడు. పట్టాలు, ప్లాట్‌ఫారం చివర, ఎండ. మనిషి లేదు. ఒకచోట వేలు పెట్టి, "ఇదుగో, ఫోకస్ ఇక్కడుంది చూడు. ఇక్కడే నిలబెట్టాను. ఇది వేసెయ్," అన్నాడు.

నిజమే. అక్కడ నేల మీద ఒక్కో కంకరరాయీ లెక్కపెట్టుకోవచ్చు. ముందూ వెనకా అంతా కొంచెం మసక.

"ఎవరూ లేరు కదన్నా," అన్నాను.

"ఇప్పుడే జరిగింది," అన్నాడు.

సంఘపెద్ద క్రీస్తుదాసుగారు ఒప్పుకోలేదు. "వచ్చినవాళ్లు ఏమనుకుంటారు రాజూ, ఆధార్ కార్డులో ఫొటో ఉంటుందిగా," అన్నారు. అదే వేశాను, గత్యంతరం లేక. గోరంత ఫొటోను నిలువెత్తున సాగదీస్తే ఏమవుతుంది? ముఖమంతా గళ్లు గళ్లుగా విరిగింది. దూరం నుంచి చూస్తే వదిన, దగ్గరికెళితే వల. నా చేతిపని చూసి నేనే సిగ్గుపడ్డాను.

ఆదివారం ఇంటి ముందు షామియానా వేశారు. ప్రార్థన అయింది, పాట అయింది. ఫొటోలకు నూజివీడు నుంచి సురేష్‌ని పిలిపించారు. సువర్ణరాజు ఫ్లెక్సీకి బాగా దగ్గరగా, ఆ గళ్లలో ఏదో పోగొట్టుకున్నవాడిలా నిలబడి చూస్తున్నాడు. భోజనాలకు లేచిన జనం ఆయన్ని తప్పుకుని పోతున్నారు.

"రాజుగారూ, కొంచెం జరగండి. అమ్మగారి ఫొటోకి అడ్డొస్తున్నారు," అన్నాడు సురేష్.

ఆయన వెనక్కి తిరగలేదు. భుజం మీది తువ్వాలు దగ్గరికి లాక్కుని, తల వంచుకుని, రెండడుగులు ఎడమకు జరిగాడు.

"ఇంకా జరగాలాండీ?" అన్నాడు.

"చాలండి," అని సురేష్ నొక్కేశాడు.