గుంటలోని సున్నం

ఆదివారం పొద్దున ఏడు కావస్తోంది. రాత్రి మొదలైన ముసురు ఇంకా వదల్లేదు. చర్చి మెట్ల మీద, నెత్తిన గోనెసంచి కప్పుకుని కూర్చున్నాడు తట్టాయన. ముప్ఫై ఏళ్లుగా నెత్తి మీద తట్ట దించని మనిషి కాబట్టి ఊరంతా అలాగే పిలుస్తారు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. తెచ్చుకున్న టిఫిన్ డబ్బా పక్కనే ఉన్నా మూత తీయబుద్ధి కావడం లేదు. కాసేపట్లో బావ వస్తాడు. వచ్చి చర్చి వెనక గుంట చూస్తాడు. నాలుగు నెలలు మాగబెట్టిన సున్నం ఇప్పుడు ఆ గుంటలో లేదు.

బావంటే అక్క మొగుడు. అక్క పోయి ఆరేళ్లయింది, అయినా బావ బావే. ఊరికి మాత్రం సున్నం మేస్త్రి. ఈ చర్చి కట్టినవాళ్లలో ఆయన తాత ఒకడు. అప్పట్లో ఆరాధనకి వచ్చే ప్రతి ఇంటివాళ్లూ వాగు నుంచి ఒక్కో రాయి మోసుకొచ్చేవాళ్లట. పిల్లలైతే గులకరాయి. అందుకే ఆ గోడల్లో ఏ రెండు రాళ్లూ ఒక్క సైజులో ఉండవు. గోడ మందం రెండు మూరలు. మధ్యలో ఒక్క స్తంభం లేదు, పైకప్పు బరువంతా కమానులే మోసి గోడలకి అప్పజెబుతాయి. బొమ్మల్లేవు, రంగుటద్దాల్లేవు. ఎదురుగా ప్రసంగ వేదిక, దాని వెనక తెల్లటి గోడ, అంతే.

"మనవాళ్లు దీన్ని చూడ్డానికి కట్టలేదురా, వినడానికి కట్టారు," అనేవాడు బావ.

ఆ తెల్లగోడకే వచ్చింది చిక్కు. ఇరవై ఏళ్ల కింద ఎవరికో ముచ్చటేసి దాని మీద సిమెంటు పూయించారు. అప్పట్నుంచీ ఏటా వానాకాలం గోడంతా పొక్కులే. పెచ్చులూడి ఒకసారి పాస్టరుగారి నెత్తినే పడ్డాయి. ప్రతిసారీ బావని పిలవడం, అతుకు వేయించడం, ఏడాది తిరక్కుండా అది రాలిపోతే బావని అనడం.

"నీ చేతిపనికి ఏడాది కూడా ఆయుష్షు లేదేం మేస్త్రీ?" అనేవాడు సంఘపెద్ద, నలుగురిలో.

"పాత గోడండీ. లోపలి చెమ్మ బయటికి రావాలి. సిమెంటు దాని నోరు నొక్కేసింది. మొత్తం గీకేసి సున్నం పెట్టనివ్వండి."

"నువ్వూ నీ సున్నమూ. ఏ కాలంలో ఉన్నావయ్యా?"

ఇరవై ఏళ్లూ అదే మాట. చెప్పీ చెప్పీ బావ గొంతు అరిగిపోయింది. చివరికి ఈ ఏడు, చర్చికి నూరేళ్లు నిండుతున్నాయని, కొత్త పాస్టరుగారు ఒప్పుకున్నారు. "ఒక్క గోడే కదా, చేసి చూపించండి," అన్నారు. బావ ఆ రోజే గుంట తవ్వాడు.

సున్నాన్ని నీళ్లలో నాలుగు నెలలు మాగబెట్టాలి. పైన బెత్తెడు నీళ్లు ఎప్పుడూ నిలవాలి, రోజూ కలియబెట్టాలి. కలియబెట్టింది తట్టాయనే.

"ఎండిందంటే చచ్చినట్టేరా. చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకోవాలి," అనేవాడు బావ.

"అయితే జోలపాట నువ్వు పాడు బావా. నాకు నడుం పట్టేసింది."

నవ్వుతూ అన్నాడే గానీ, లోపల మండేది. తెల్లారకముందే లేవడం, చేతులు పగలడం. మెప్పొస్తే మేస్త్రికి, నొప్పొస్తే తనకి. మొన్న శుక్రవారం బావ తాపీతో కాస్త తీసి చూశాడు. సున్నం వెన్నలా జారింది. బావ మొహంలో అంత వెలుగు అక్క పోయాక మళ్లీ అప్పుడే చూశాడు తట్టాయన.

"సోమవారం మొదలెడదాంరా," అని, ఇసుక ఎంచుకోవడానికి శనివారం వాగుకి వెళ్లాడు.

అదే శనివారం సంఘపెద్ద వచ్చాడు. "రేపు బయట ఊళ్ల నుంచి పెద్దలొస్తున్నారు, ప్రహరీ చూస్తే నల్లగా ఏడుస్తోంది. గుంటలో సున్నం ఉందిగా, దానికి కొట్టెయ్."

"అది లోపలి గోడకి దాచిందండీ. బావ ఒప్పుకోడు."

"లోపలిదే గోడా, బయటది గోడ కాదా? రెండు బొక్కెనలు తీస్తే కొంప మునుగుతుందా?"

పరుగెత్తి వాగు దాకా వెళ్లి బావకి చెప్పొచ్చు. వెళ్లలేదు. రెండు బొక్కెనలేగా అనుకున్నాడు. రెండు నాలుగయ్యాయి. ప్రహరీ చూస్తే కొండచిలువలా ఎంతకీ తరగదు. సగం తెల్లగా, సగం నల్లగా వదిలేస్తే ఎలాగని మళ్లీ తీశాడు. పొద్దుగూకేసరికి బొక్కెన అడుగు మట్టికి తగిలింది. రాత్రి ముసురు పట్టింది.

గేటు చప్పుడైంది. బావ లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాడు. ప్రహరీ పక్క కాలవలో నీళ్లు పాలలా పారుతున్నాయి. వంగి వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు. తర్వాత గుంట దగ్గరికి నడిచాడు. వెనకే తేలు కుట్టిన దొంగలా తట్టాయన.

"బావా, పెద్దాయన చెప్పాడు... రెండు బొక్కెనలే అనుకున్నా."

బావ గుంటలోకి చూస్తూ నిలబడ్డాడు. గొడుగేసుకుని సంఘపెద్ద రానే వచ్చాడు.

"ఏం మేస్త్రీ, ప్రహరీ కళకళలాడిపోతోంది కదూ? వానకి కాస్త వెలిసింది, ఫర్లేదులే. లోపలి గోడ గురించి బెంగ పెట్టుకోకు. టైల్స్ వేయించేద్దామని కమిటీలో అనుకుంటున్నాం. గుడ్డతో తుడుచుకుంటే పోతుంది."

బావ ఆయన వైపు చూడనే లేదు. తట్టాయన చేతుల వైపు చూశాడు. సున్నం తిని వేళ్ల సందులన్నీ పగిలి ఉన్నాయి. తిట్టు బావా, ఒక్క తిట్టు తిట్టు అనుకున్నాడు తట్టాయన. పక్కనున్న చెక్కపలక తెచ్చి, పిల్లలెవరూ పడకుండా గుంట మీద కప్పాడు బావ. కదలకుండా దాని మీద రెండు రాళ్లు పెట్టాడు. చర్చి గోడ గూట్లోంచి తన తాపీ, తూకం గుండు, తాడు తీసుకుని గేటు దాటాడు. లోపల అప్పుడే మొదటి పాట ఎత్తుకున్నారు.

మేస్త్రి సంచి భుజాన వేసుకుని మధ్యాహ్నం బస్సెక్కాడని ఎవరో అన్నారు. సాయంత్రం తట్టాయన ఇంటికి వెళ్లేసరికి, బావ ఇంటి తాళంచెవి తన గుమ్మానికి వేలాడుతోంది.